ఏరియేటర్ బుష్‌కు ఏది మేలు: నైలానా, పాలిథిలీనా, గన్‌మెటలా?

రొయ్యల పట్టుబడి ముగిసి చెరువు ఎండబెట్టే రోజుల్లో, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు గట్టు మీదికి వస్తాయి. అప్పుడే వాటి బుష్‌ల, అంటే తిరిగే షాఫ్టును మోసే గొట్టం ముక్కల సంగతి బయటపడుతుంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు లేతు షాపుకు అరిగిన బుష్ పట్టుకొచ్చే రైతు అడిగేది ఒక్కటే: “ఈసారి ఎక్కువ కాలం ఆగేది వేయండి, దేనితో చేయిస్తే మంచిదండీ?” నైలాను, గన్‌మెటల్ అనే రాగి మిశ్రమం, తెల్లటి పాలిథిలీను అందుబాటులో ఉంటాయి. బాల్ బేరింగే బిగించమనేవారూ ఉన్నారు.

నా తీర్పు ముందే చెబుతాను. ఉప్పునీటి రొయ్యల చెరువుకు యూహెచ్‌ఎండబ్ల్యూ అనే, చాలా పొడవైన అణువులున్న రకం పాలిథిలీను మేలు. కొల్లేరు వైపు బొచ్చె, శీలావతి పెంచే మంచినీటి చెరువుకు నైలాను సరిపోతుంది, అయితే దాన్ని నీటికి అలవాటు చేసి బిగించాలి. ఖరీదైనది కదా అని గన్‌మెటల్‌ను మొదటి స్థానంలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

లోహం గట్టిది కాబట్టి ఎక్కువ కాలం వస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. లెక్క వేసి చూద్దాం. ఏరియేటర్ మోటారు నిమిషానికి దాదాపు 1440 చుట్లు తిరుగుతుంది. గేర్‌బాక్సు ఆ వేగాన్ని 100 చుట్ల దగ్గరికి దించుతుంది. 25 మిల్లీమీటర్ల షాఫ్టు ఆ వేగంతో తిరిగినప్పుడు బుష్ లోపల రాపిడి వేగం సెకనుకు 13 సెంటీమీటర్లే. ఒక్కో బుష్ మీద పది కిలోల బరువు పడుతుందనుకున్నా, 40 మిల్లీమీటర్ల పొడవున్న బుష్‌లో చదరపు మిల్లీమీటరుకు వచ్చేది పది గ్రాములు. ఈ బరువునూ ఈ వేగాన్నీ ఏ మంచి ప్లాస్టిక్కయినా తేలిగ్గా మోస్తుంది. మన చెరువుల్లో బుష్‌ను తినేసేది బరువు కాదు. నీరు, ఉప్పు, నీటితో పాటు ఎగిరిపడే ఒండ్రు, ఇసుక, ఇవే దాన్ని తింటాయి. వీటిని తట్టుకోవడంలో ఏది ముందుందన్నదే చూడాలి.

నైలాను బలమైనది, చవక, లేతు మీద చక్కగా తెగుతుంది. ఎండలో కాసేపు పొడిగా తిరిగినా కరిగిపోదు. దాని లోపమల్లా నీళ్లు తాగడం. నైలాన్ 6 పూర్తిగా నానితే తన బరువులో 9 శాతం దాకా నీరు పీల్చుకుంటుంది, కొలతల్లో రెండు శాతానికి మించి ఉబ్బుతుంది. బుష్ బయటి వైపు హౌసింగ్‌లో, అంటే దాన్ని పట్టి ఉంచే లోహపు గూటిలో బిగిసి ఉంటుంది కాబట్టి ఆ ఉబ్బు లోపలికే వస్తుంది. గోడ మందం 10 మిల్లీమీటర్లయితే లోపలి రంధ్రం దాదాపు అర మిల్లీమీటరు మూసుకుపోతుంది. షాఫ్టుకు అంగుళం అంగుళం సరిపడేలా బోరు చేయించి, “భలే బిగువుగా కూర్చుంది” అని సంతోషించిన బుష్, కొన్ని వారాలకు షాఫ్టును పట్టేస్తుంది. మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది, లేదా హౌసింగ్‌లో బుష్ షాఫ్టుతో పాటే తిరిగి అక్కడ గుల్ల చేస్తుంది. నైలాను అరిగిపోయిందని మనం తిట్టుకునే సందర్భాల్లో చాలా వాటికి అసలు కారణం ఈ ఉబ్బే.

దీనికి మందు ఉంది. ముందు బుష్‌ను ముతకగా తిప్పి, వేడి నీటిలో బాగా ఉడికించి, చల్లారాక చివరి బోరు చేయాలి. చన్నీళ్లలో నానబెట్టినా ఫలితం వస్తుంది కానీ మందపాటి ముక్క పూర్తిగా నానడానికి నెలలు పడుతుంది. గోడ మందం తగ్గించినా ఉబ్బు తగ్గుతుంది: 5 మిల్లీమీటర్ల గోడకు మూసుకునేది పావు మిల్లీమీటరే. ఇంత ఓపిక ఉన్న లేతు మేస్త్రి దొరికితే నైలానును నిస్సంకోచంగా వేయించుకోవచ్చు.

యూహెచ్‌ఎండబ్ల్యూకి ఈ బాధ లేదు. అది నీటిని దాదాపు పీల్చదు. ఉప్పు దాన్ని ఏమీ చేయదు. ఇసుక రాపిడిని తట్టుకోవడంలో మామూలు ప్లాస్టిక్కుల్లో దానికి సాటి వచ్చేవి తక్కువ, అందుకే బొగ్గు, ఖనిజాలు జారే తొట్లకు లోపల అదే పరుస్తారు. గ్రీజు లేకుండా, చెరువు నీటి తడితోనే హాయిగా తిరుగుతుంది. రొయ్యల చెరువులో గ్రీజు పడకపోవడం చిన్న లాభం కాదు.

దానికీ లోపాలున్నాయి. మెత్తనిది కాబట్టి ఎంత బిగించి కొట్టినా కాలక్రమంలో ఒత్తిడికి లొంగి వదులవుతుంది. అంచు ఉన్న బుష్ చేయించి, పక్కన ఒక స్టీలు స్క్రూతో హౌసింగ్‌కు లాకు చేయాలి. జిగురుతో అంటిద్దామంటే దానికి ఏ జిగురూ సరిగా పట్టదు. వేడికి స్టీలు కన్నా దాదాపు పది రెట్లు వ్యాకోచిస్తుంది, 80 డిగ్రీలు దాటితే మెత్తబడి పనికిరాదు. అందువల్ల గట్టు మీద పొడిగా ఎక్కువసేపు తిప్పి పరీక్షించకూడదు. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు పావు మిల్లీమీటరుకు పైనే ఖాళీ ఉంచమంటాను. కొత్తలో కాస్త లూజుగా అనిపిస్తుంది, అలాగే ఉండనివ్వాలి.

అసలు ఇబ్బంది బజారులో ఉంది. తెల్లటి కడ్డీ ఏదైనా నైలానే అని అమ్మేవారున్నారు, మామూలు గట్టి పాలిథిలీను అయిన హెచ్‌డీపీఈని యూహెచ్‌ఎండబ్ల్యూ పేరుతో అంటగట్టేవారూ ఉన్నారు. లేతు మీద రాలిన పొట్టును నీళ్లలో వేసి చూడండి. పాలిథిలీను తేలుతుంది, నైలాను మునుగుతుంది. మునిగింది అసిటాల్ అనే మరో గట్టి ప్లాస్టిక్కేమో అని అనుమానముంటే, ఉప్పు ఇక కరగనంత చిక్కగా కలిపిన నీళ్లలో వేయండి: నైలాను తేలుతుంది, అసిటాల్ అందులోనూ మునుగుతుంది. ఇక తేలిన పొట్టు ఏ పాలిథిలీనో తెలియాలంటే చిన్న ముక్కను వేడి చేయాలి. హెచ్‌డీపీఈ కరిగి బొట్లుగా కారుతుంది. యూహెచ్‌ఎండబ్ల్యూ పారదర్శకంగా మారి మెత్తబడుతుంది తప్ప కారదు. డబ్బు ఇచ్చే ముందే ఈ పరీక్ష చేయించుకోవడం రైతు హక్కు.

గన్‌మెటల్ విషయానికి వస్తే, రాగిలో తగరం, జింకు కలిపిన ఈ లోహం ఉప్పునీటిని బాగానే తట్టుకుంటుంది. కొలత మారదు. అయితే దానికి క్రమం తప్పని గ్రీజు కావాలి, నీళ్లు చిమ్మే చోట ఆ గ్రీజు నిలవదు. షాఫ్టు కాస్త వంకరగా కూర్చున్నా ప్లాస్టిక్కు సర్దుకుంటుంది, గన్‌మెటల్ సర్దుకోదు, ఒక అంచున అరుగుతుంది. నీటి మీద ఊగే ఫ్లోట్లపై షాఫ్టు తిన్నగా నిలవాలని ఆశించలేం. గట్టు మీద బిగించిన, రోజూ చేయి అందే యంత్రానికైతే గన్‌మెటల్ మంచి ఎంపికే. కానీ దాని పేరుతో ఇత్తడి మాత్రం తీసుకోకండి. ఉప్పునీటిలో ఇత్తడి నుంచి జింకు కరిగిపోయి, గులాబి రంగు గుల్లగా రాగి మిగులుతుంది. ముక్క పచ్చగా మెరుస్తుంటే అనుమానించాలి, గన్‌మెటల్ రంగు ఎరుపు వైపు ఉంటుంది.

అసిటాల్ కొలత నిలుపుకోవడంలో నైలాను కన్నా చాలా నయం, ఇసుక రాపిడికి మాత్రం యూహెచ్‌ఎండబ్ల్యూ అంత ఆగదు. నీరు తేటగా ఉన్న చెరువుకు వాడవచ్చు. 6205 లాంటి మామూలు బాల్ బేరింగు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: రబ్బరు సీలున్నా ఉప్పునీటి తుంపర లోపలికి చేరుతుంది, ఉక్కు గోళీలు తుప్పుపడతాయి.

ఏ బుష్ ఎంచుకున్నా షాఫ్టును చూడకుండా బిగిస్తే డబ్బు వృథా. ఇసుక రేణువు మెత్తని బుష్‌లో దిగబడి ఆకురాయిలా షాఫ్టును కోస్తుంది. అందుకే ప్లాస్టిక్కు బుష్ బాగానే కనిపిస్తూ స్టెయిన్‌లెస్ షాఫ్టు మీద లోతైన గాడి పడి ఉంటుంది. గోరు తగిలేంత గాడి ఉంటే అక్కడ లేతు మీద తిప్పించి స్లీవు (పైన తొడిగే గొట్టం) వేయించాలి, లేదా బుష్ చోటును పక్కకు జరపాలి. మొగల్తూరు, అంతర్వేది వైపు ఉప్పదనం ఎక్కువున్న చెరువులకు కొత్త షాఫ్టు కొనేటప్పుడు 304 రకం స్టెయిన్‌లెస్ బదులు 316 రకం అడగండి. అందులోని మాలిబ్డినం అనే లోహం, ఉప్పు వల్ల పడే గుంటలను చాలావరకు అడ్డుకుంటుంది. బుష్ కింద గాలి ఆడని చోటే ఆ గుంటలు ముందు పడతాయి.

బుష్ లోపల పొడవునా మూడు గాడులు కొట్టించండి, బరువు ఆనే అడుగు భాగాన్ని వదిలి పక్కలకూ పైకీ. ఒండ్రు వాటిలోంచి నీటితో బయటికి పోతుంది. మరపడవల ప్రొపెల్లర్ షాఫ్టుకు వాడే గాడుల రబ్బరు బేరింగులో ఉన్న కిటుకు ఇదే.

ఇంత చిన్న భాగానికి ఇంత శ్రద్ధ ఎందుకంటే, అరిగిన బుష్ తనతో పాటు గేర్‌బాక్సునూ తీసుకుపోతుంది. షాఫ్టు వాలి ఊగుతుంటే గేర్‌బాక్సు ఆయిల్ సీలు తెగుతుంది, నీరు లోపలికి పోతుంది, నూనె పాలలా తెల్లబడుతుంది. చెరువులో ప్రాణవాయువు అన్నింటికన్నా తగ్గేది తెల్లవారుజామున, యంత్రం తప్పక తిరగాల్సిన వేళ కూడా అదే. వారానికోసారి కరెంటు ఆపి, చక్రాన్ని చేత్తో పైకీ కిందికీ ఊపి చూడండి. షాఫ్టు ఒక మిల్లీమీటరు దాటి కదిలితే పంట మధ్యలో ఉన్నా బుష్ మార్చేయండి. పగటిపూట, పక్క ఏరియేటర్లు తిరుగుతుండగా మార్చుకోవాలి.