గబ్బిలాల పార్కు: అసలు దృశ్యానికి ముందే గేటు మూసే చోటు

ఈ పార్కు చిన్నది. ఎక్కడా ఆగకుండా నడిస్తే, చుట్టుబాట మొత్తం తిరిగి మళ్లీ గేటు దగ్గరికి రావడానికి అరగంట కూడా పట్టదు. అయితే ఆగకుండా నడవడం ఎవరికీ సాధ్యం కాదు, ఎందుకంటే సగం దూరం పోయాక చెరువు ఒడ్డున ఉన్న ఎత్తైన చెట్లకు ఆకులకంటే గబ్బిలాలే ఎక్కువగా వేలాడుతున్నాయా అనిపిస్తుంది. మొదటిసారి మధ్యాహ్నం వెళ్లి, నల్లటి సంచుల్లా కదలకుండా ఉన్న ఆకారాలను కాసేపు చూసి నిరాశగా తిరిగి వచ్చాను. రెండోసారి నాలుగు గంటలకు వెళ్లి చీకటి పడేదాకా ఉన్నాను. ఈ రెండు సందర్శనలకూ తేడా వేళ ఒక్కటే. ఈ పార్కు గురించి చెప్పవలసిన మంచీ చెడూ దాదాపు అంతా ఆ వేళ చుట్టూనే ఉంది.

పాడుబడ్డ కట్టడాల్లో కనిపించే, పురుగులు తినే చిన్న గబ్బిలాలు కావు ఇవి. టెరోపస్ ప్రజాతికి చెందిన పండ్ల గబ్బిలాలు. ఈ ప్రజాతిలోని పెద్ద జాతుల బరువు కిలో దాటుతుంది; రెక్కలు పూర్తిగా చాపినప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు మీటరుకు పైగా, కొన్నింటిలో మీటరున్నర దాకా ఉంటుంది. నక్కను పోలిన మూతి, పెద్ద కళ్లు. చిన్న గబ్బిలాల మాదిరిగా అరుపుల ప్రతిధ్వనిని బట్టి దారి వెతుక్కునే శక్తి వీటికి లేదు. చూపు మీద, వాసన మీద ఆధారపడి తిరుగుతాయి. చెట్ల కింద పార్కువారు పెట్టిన పెద్ద బోర్డు మాత్రం గబ్బిలాలకు కళ్లు కనిపించవని, అవి చెవులతోనే చూస్తాయని ఘనంగా ప్రకటిస్తుంది. అసలు ఏ జాతి గబ్బిలమూ పుట్టుగుడ్డిది కాదు. గబ్బిలాల పేరు మీద నడుస్తున్న పార్కులోనే ఈ మాట రాసి ఉండడం దీపం కింద చీకటి కాక మరేమిటి?

నాలుగు గంటల తర్వాత ఆ సంచుల్లో కదలిక మొదలవుతుంది. ఎండ వేడిగా ఉన్నంతసేపూ అవి ఒక రెక్కతో విసురుకుంటూ, ఛాతీనీ రెక్కలనూ నాకి తడుపుకుంటూ ఒంటిని చల్లబరచుకుంటాయి. బైనాక్యులర్లతో ఓపికగా వెతికితే తల్లి రెక్కల మడతలో పొట్టకు కరుచుకున్న పిల్ల కనిపిస్తుంది. సాధారణంగా ఈ గబ్బిలాలు ఒక ఈతకు ఒక్క పిల్లనే కంటాయి. నీడ ఉన్న కొమ్మ కోసం జరిగే తగాదాలు వినోదంగా ఉంటాయి. ఆలస్యంగా వచ్చిన గబ్బిలం పాకుతూ పక్కదాన్ని తోస్తుంది, అది కీచుమని అరుస్తుంది, ఆ అరుపుకు కొమ్మ కొమ్మంతా లేచి తిట్టుకున్నట్టు గోల చేసి, ఏమీ జరగనట్టు మళ్లీ రెక్కలు ముడుచుకుంటుంది. మూత్రం పోయవలసి వచ్చినప్పుడు మాత్రం ఇవి ఒళ్లు తడవకుండా బొటనవేలి గోళ్లతో కొమ్మను పట్టుకుని నిటారుగా తిరుగుతాయి. అలా తిరిగిన గబ్బిలం కింద నిలబడకపోవడం మంచిది. అయినా టోపీ పెట్టుకుని వెళ్లండి.

వాసన గురించి చాలామంది ఫిర్యాదు చేస్తారు. వాసన ఉన్న మాట నిజమే, కానీ అదంతా పెంట కంపు అనుకోవడం పొరపాటు. మగ గబ్బిలాల మెడ, భుజాల దగ్గరి గ్రంథుల నుంచి వచ్చే ఘాటైన వాసన కూడా అందులో కలిసి ఉంటుంది. పది నిమిషాలకు ముక్కు అలవాటు పడుతుంది.

ఇక అసలు ఫిర్యాదు. సూర్యాస్తమయానికి అరగంట ముందే కాపలాదారు ఈల ఊది అందరినీ బయటికి పంపేశారు. గబ్బిలాలు మేతకు బయలుదేరేది సూర్యుడు అస్తమించిన తర్వాతే. ఏ దృశ్యం కోసం జనం టిక్కెట్టు కొని వస్తారో దాన్ని చూడనివ్వని వేళల పట్టికను ఎవరు తయారుచేశారో తెలియదు. వేరే దారి లేక ప్రహరీ పక్కన రోడ్డు మీద నిలబడ్డాం. మసక వెలుతురులో మొదట రెండు మూడు పైకి లేచి చెట్ల మీద చక్కర్లు కొట్టాయి. తర్వాత పదులు, ఆ తర్వాత లెక్కకు అందనన్ని, రెక్కల చప్పుడు కూడా వినిపించేంత తక్కువ ఎత్తులో, తొందర లేకుండా మా తలల మీదుగా సాగిపోయాయి. కొన్ని ముందు చెరువు వైపు తిరిగి, నీటి మీద పొట్ట తాకించి లేచాయి. తడిసిన ఆ బొచ్చును తర్వాత నాకి దాహం తీర్చుకోవడం వీటి పద్ధతి. మేత కోసం ఇవి రాత్రిపూట పదుల కిలోమీటర్లు తిరుగుతాయి. పోయిన దారుల్లో పూలకు పుప్పొడిని, నేలకు విత్తనాలను చేరవేస్తాయి. గోడ అడ్డం వల్ల చెరువు మీది దృశ్యం మాకు సగమే దక్కింది.

జనం ప్రవర్తనను అదుపు చేసేవారు లేకపోవడం మరో లోపం. గబ్బిలాలు ఎగరాలని చప్పట్లు కొట్టినవారిని ఎవరూ వారించలేదు. పగటి వేడిలో వాటిని లేపడం చిన్న విషయం కాదు: 2018 నవంబరులో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వడగాలులకు ఇదే ప్రజాతికి చెందిన గబ్బిలాలు 20 వేలకు పైగా చనిపోయాయి. అలాంటి వేడిలో అనవసరంగా ఎగరడమంటే వాటికి ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కింద పడిన గబ్బిలాన్ని ముట్టుకోరాదన్న హెచ్చరిక కూడా ఎక్కడా లేదు. 1998-99లో మలేసియాలో బయటపడిన నిపా వైరస్‌కు ఈ గబ్బిలాలే సహజ ఆశ్రయం. రేబిస్ వర్గానికి చెందిన వైరస్‌లు కూడా కాటు ద్వారా, గీరడం ద్వారా సోకవచ్చు. దూరం నుంచి చూడడానికి భయపడవలసిన పని లేదు, కానీ పడిపోయినదాన్ని చేతుల్లోకి తీసుకోకుండా సిబ్బందికి చెప్పాలి. అవి కొరికి వదిలిన పండ్లను పిల్లలు ఏరకుండా చూసుకోవాలి.

మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, బాట చక్రాల కుర్చీకి అనువుగా ఉంది, తాగునీటి కుళాయి పనిచేయడం లేదు. చెరువు అవతలి గట్టున మూడో బెంచీ దగ్గర కూర్చుంటే సాయంత్రం వెలుతురు వెనుక నుంచి పడి గబ్బిలాల ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి. నా లెక్కలో 5కి 3 మార్కులు. గేటును సూర్యాస్తమయం తర్వాత గంటసేపు తెరిచి ఉంచిన రోజున నాలుగున్నర ఇస్తాను. మిగిలిన ఆ అర మార్కు బోర్డు సరిదిద్దాక.