సరిహద్దు దాటే పర్యాటకం: ఉమ్మడి వీసా మేలా, ఉమ్మడి సంరక్షణ మేలా?

కర్నూలును ఆనుకొని పారే తుంగభద్ర 2014 జూన్ 2 నుంచి రెండు రాష్ట్రాలకు సరిహద్దు అయింది. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడెనిమిది శతాబ్దాల్లో వెలసిన అలంపురం నవబ్రహ్మ ఆలయాలు అవతల తెలంగాణలో ఉన్నాయి. జగన్నాథ గట్టు, బెలుం గుహలు, శ్రీశైలం ఇవతల ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. చూడవచ్చేవారికి ఇదంతా ఒకే యాత్ర, చూపించవలసిన శాఖలు మాత్రం రెండు. ఇంతకంటే గట్టి సరిహద్దులున్న దేశాలు ఈ చిక్కును ముఖ్యంగా రెండు దారుల్లో విప్పుకోజూశాయి. ఒకటి యాత్రికుడికి ఒకే అనుమతి ఇవ్వడం, రెండోది చూడదగిన చోటునే కలిసి కాపాడుకోవడం. వీటిలో మనబోటి ప్రాంతానికి ఏది మేలన్నది ఇక్కడి ప్రశ్న.

ఒకే అనుమతికి మంచి ఉదాహరణ విక్టోరియా జలపాతం. జాంబెజీ నదికి ఒక పక్క జాంబియా, మరో పక్క జింబాబ్వే ఉన్నాయి. జలపాతాన్ని ఎదురుగా నిలబడి చూడాలంటే జింబాబ్వే వైపు, అంచు దగ్గరికి వెళ్లాలంటే జాంబియా వైపు అనుకూలం. రెండూ కావాలనుకున్నవారు రెండు వీసాలకు డబ్బు కట్టవలసి వచ్చేది. 2014 నవంబరులో ఈ రెండు దేశాలు 50 డాలర్లకు 30 రోజుల ఉమ్మడి వీసా ప్రారంభించి, దానితోనే కజుంగుల మీదుగా బోట్స్వానాకు వెళ్లి ఆ రోజే తిరిగివచ్చే వీలు కూడా కల్పించాయి. అదే ఏడాది కెన్యా, ఉగాండా, రువాండా కలిసి 100 డాలర్లకు 90 రోజుల వీసా తెచ్చాయి. ఆ సొమ్ములో తలా 30 డాలర్లు పంచుకొని, మిగిలిన 10 డాలర్లు వీసా జారీ చేసిన దేశానికి వదిలేశారు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఈ పంపకమే, ఎందుకంటే వాటాలు ముందే తేలితే తరువాత తగువుకు తావుండదు.

అయితే దీనికి హద్దులున్నాయి. అంగోలా, నమీబియాలను కూడా కలుపుకొని ఐదు దేశాలు 2011లో ఒప్పందం చేసుకున్న కాజా (కవాంగో-జాంబెజీ) సంరక్షణ ప్రాంతం దాదాపు 5,20,000 చదరపు కిలోమీటర్లు ఉండగా, వీసా మాత్రం రెండు దేశాల దగ్గరే మొదలైంది. అంతకంటే ముఖ్యమైన లోపం మరొకటి ఉంది. వీసా మనిషిని సరిహద్దు దాటిస్తుంది కానీ అతడు ఎక్కడ ఆగాలో, ఎవరి దగ్గర భోజనం చేయాలో చెప్పదు. కాబట్టి ఇప్పటికే హోటళ్లున్న పట్టణానికి అందే లాభం దారిలోని పల్లెకు అందడం కష్టం.

రెండో దారికి ఐర్లండ్ దీవిలోని కుయిల్కా కొండ సాక్ష్యం. ఈ కొండ మీదుగానే ఉత్తర ఐర్లండ్‌కూ ఐర్లండ్ రిపబ్లిక్‌కూ మధ్య సరిహద్దు సాగుతుంది. సాయుధ ఘర్షణల కాలంలో ఆ ప్రాంతంలో సరిహద్దు దాటే రోడ్లను ఎన్నిటినో మూసివేశారు. 1998 శాంతి ఒప్పందం తరువాత పదేళ్లకు, అంటే 2008లో, ఉత్తరాన ఉన్న మార్బుల్ ఆర్చ్ గుహల జియోపార్కును, అంటే నేల, రాళ్ల విశేషాల కోసం కాపాడుకొనే ప్రాంతాన్ని, దక్షిణాన కావన్ కౌంటీలోకి విస్తరించారు. ప్రపంచంలో రెండు దేశాల్లో విస్తరించిన తొలి జియోపార్కు అదే. రెండు వైపుల స్థానిక మండళ్లు కలిసి దాన్ని నడుపుతున్నాయి. ఈ కలయిక వట్టి మాట కాకపోవడానికి కారణం నేలలోనే ఉంది. అక్కడిది సున్నపురాయి నేల కనుక ఉత్తరాన ఫెర్మానాలో ఇంకిన నీరు భూమి లోపలే సరిహద్దు దాటి, దక్షిణాన షానన్ నది పుట్టుకగా చెప్పే షానన్ పాట్‌లో పైకి వస్తుంది. ఎగువన నీరు చెడితే దిగువన ఊట చెడుతుంది, అందువల్ల ఒక్కరే కాపాడుకోవడం సాధ్యం కాదు. బెలుం గుహలను చూసిన మన జిల్లావారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ రెండూ కాక మూడో దారి కూడా ఉంది, అది ఉమ్మడి ప్రచారం. మెకాంగ్ ప్రాంతపు ఆరు దేశాల కోసం బ్యాంకాక్‌లో 2006 నుంచి ఒక సమన్వయ కార్యాలయం ఉంది. ప్రచారం అవసరమే, కానీ ఎక్కువ పేరున్న చోటుకే అది ఎక్కువ మందిని తెస్తుందని నా అభిప్రాయం.

ఇక మన దగ్గరికి వస్తే, వీసాకు సాటి వచ్చే పని చాలావరకు జరిగిపోయింది. టూరిస్టు ట్యాక్సీలు ప్రతి సరిహద్దులో తాత్కాలిక పర్మిట్లు తీసుకొనే బాధ తప్పించడానికి, 2021 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్‌లో ఒకే రుసుముతో దేశమంతటికీ చెల్లే పర్మిట్ వచ్చింది. రోడ్డు తెరిచే ఉంది, మూసుకుపోయినది కార్యాలయాల మధ్య దారి. అందుచేత కర్నూలుకు ఉమ్మడి సంరక్షణే మేలని గట్టిగా నమ్ముతున్నాను. శ్రీశైలం జలాశయం నిండేటప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలోనూ, రూపాల సంగమేశ్వరాలయాన్ని అలాగే జగన్నాథ గట్టు మీదా తిరిగి నిలబెట్టారు. ఒకే ముంపు కథ రెండు ఒడ్డుల మీద సగం సగంగా మిగిలింది, దాన్ని ఒకే నోట చెప్పేవారు కావాలి. తుంగభద్ర నీళ్ల పంపకానికి 1953 నుంచి ఒక బోర్డు ఉన్నప్పుడు, ఆ నది ఒడ్డున ఉన్న గుళ్ల కోసం ఒక చిన్న ఉమ్మడి సంఘం ఏర్పాటు చేయడం అసాధ్యం కాదు.

ఆ సంఘం భవనాలతో మొదలుపెట్టనక్కరలేదు. అలంపురం, జగన్నాథ గట్టు, వేసవిలో నీరు తగ్గినప్పుడు మాత్రమే బయటపడే సప్తనది సంగమేశ్వరం, ఈ మూడింటి గురించీ ఒకే శిక్షణ పొందిన గైడ్లను రెండు ఒడ్డుల ఊళ్ల నుంచి తీసుకొని, సంగమేశ్వరం ఎప్పుడు తేలుతుందో రెండు వైపులా ఒకే రోజున ప్రకటిస్తే మొదటి ఏటికి చాలు. గైడు రుసుములో ఏ రాష్ట్రానికి ఎంత, ఏ ఊరికి ఎంత అన్నది మాత్రం, తూర్పు ఆఫ్రికాలో చేసినట్లే, మొదటి యాత్రికుడు రాకముందే కాగితం మీద పెట్టుకోవాలి.