ఎకరానికి పైసలా, చెరువుకు నీళ్లా: ఏది మేలు?

2025 జూన్‌లో పంట పెట్టుబడికి సర్కారు ఎకరాల లెక్కన ఇచ్చే రైతు భరోసా పైసలు పడ్డ రోజు పొలం గట్టు మీద కూర్చుని ఉన్నాను. నాలుగెకరాలకు 24 వేలు వచ్చినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. పక్క చెలక కౌలుకు చేసే తమ్ముడు "పడ్డయా అన్నా?" అన్నాడు. పడ్డాయన్నాను. ఇంకేం మాట్లాడకుండా లేచి గుంటుక కట్టుకున్నాడు. అతను దున్నే ఆరెకరాల 36 వేలు హైదరాబాద్‌లో ఉండే పట్టాదారు ఖాతాలో పడ్డాయి. అతను మాత్రం పత్తి విత్తనాలు ఉద్దెర తెచ్చుకున్నాడు. సర్కారు సొమ్ము రైతుకు చేరాలంటే ఏ దారి మేలని నేను గట్టిగా ఆలోచించడం ఆ రోజే మొదలైంది.

ముందు పైసల సంగతి. 2018 మే నెలలో రైతుబంధు పేరుతో ఎకరానికి పంటకు 4 వేలతో మొదలైంది. తర్వాత 5 వేలైంది. సర్కారు మారాక 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో 6 వేలైంది, అంటే ఏడాదికి ఎకరానికి 12 వేలు. ఎన్నికల్లో చెప్పింది 15 వేలు. అయినా ఈ పథకాన్ని నేను చిన్నచూపు చూడను. దుక్కి దున్నే వేళకు చేతిలో పైసలుంటే నూటికి రెండు రూపాయల మిత్తికి ఎవరి గడపా ఎక్కే పని ఉండదు. మధ్యలో ఎవరి చెయ్యీ తడపక్కర్లేదు, నేరుగా ఖాతాలో పడతాయి. మా నాయన కాలంలో విత్తనాల కోసం అమ్మ మెడలోని పుస్తెలతాడు కుదువ పెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ బాధ తెలిసినవాళ్లెవరూ ఈ పైసలను దండగ అనరు.

కానీ ఈ పైసలు పాస్‌బుక్కును చూసి వస్తాయి, నాగలిని చూసి కాదు. నాలుగెకరాల నాకు ఏడాదికి 48 వేలు, ఇరవై ఎకరాలున్న ఆసామికి 2 లక్షల 40 వేలు. కౌలు చేసేవాడికి సున్నా. కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం 2011లోనే వచ్చింది. పట్టాదారు ఒప్పుకోడు, కాగితం పుట్టదు. పైగా భరోసా పెరిగిందని వినగానే కౌలు రేటు పెంచే పట్టాదారులను నేను కళ్లారా చూశాను. అంటే సర్కారు ఇచ్చిన పెంపును కౌలుదారే తిరిగి కడుతున్నాడు.

ఇక చెరువు. మా ఊరిది నల్లగొండ జిల్లా మునుగోడు దిక్కు ఎర్ర చెలక. కాలువ లేదు, ఉన్నదల్లా చెరువూ బోర్లూ. మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలన్నారు. మా చెరువులోనూ పూడిక తీశారు. ఆ ఒండ్రు మట్టిని ట్రాక్టర్లతో తోలుకుని చల్లుకున్న పొలాల్లో రెండు మూడేళ్లు పత్తి నల్లగా ఎదిగింది, యూరియా బస్తాలు తగ్గాయి. నీళ్లు మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదో చూద్దామని ఒకనాడు చెరువు నీళ్ల బాగోగులు చూసే మా నీరటి తాతతో కలిసి, చెరువులోకి వాననీళ్లు తెచ్చే పాటు కాలువ వెంట నడిచాను. మొదట సర్కారు తుమ్మ. దాన్ని కొట్టుకుంటూ పోతే రోడ్డు అడ్డం వచ్చింది. రోడ్డు కింద వేసిన పైపు కాలువ అడుగుకంటే మూరెడు ఎత్తులో ఉంది. తాత తన చేతికర్ర నిలబెట్టి చూపించాడు: "గీడిదాక నిండితెగని నీళ్లు అవతలికి పోవు బిడ్డా." అంతవరకు నిండేలోపే నీళ్లు పక్కనున్న చెలకల్లోకి మళ్లి, అట్నుంచి అటే వాగులో కలుస్తున్నాయి. చెరువు లోతు చేయడానికి ఖర్చు పెట్టినవాళ్లు ఆ పైపును కిందికి దించలేదు. కాంట్రాక్టరుకు పూడిక క్యూబిక్ మీటర్ల లెక్కన బిల్లు వస్తుంది, పైపు దించితే ఏమొస్తుంది?

చెరువు పనుల్లో పెద్ద లోపం ఇదే. పైసలైతే ఖాతాలో పడ్డాయో లేదో ఎవరికివాళ్లకు తెలుస్తుంది, పని జరిగిందో లేదో అడిగే నాథుడుండడు. అయినా నేను చెరువు వైపే మొగ్గుతాను. 2020 అక్టోబరు వానలు అంత జోరుగా కొట్టాయి కాబట్టి ఆ ఎత్తు పైపును కూడా దాటి నీళ్లొచ్చాయి, చెరువు నిండి మత్తడి దుంకింది. అంతకుముందు ఎండాకాలంలో ఆగాగి పోసిన నా బోరు ఆ యాసంగిలో రెండించులు పోసింది. రెండెకరాలు నాటేశాను. నా పక్కన కౌలు తమ్ముడు కూడా నాటేశాడు. నీళ్లు పాస్‌బుక్కు అడగలేదు. నాట్లకు వచ్చిన అక్కలకు నెల రోజులు పని దొరికింది, ముదిరాజులు చేపలు పట్టుకున్నారు.

ఆ అక్కల మాట కూడా చెప్పాలి. వాళ్లలో సగం మందికి గుంట భూమి లేదు. వాళ్ల ఇంట్లో బండికి పోసే పెట్రోలు మీద రాష్ట్రం 35.2 శాతం వ్యాట్ తీసుకుంటుంది. సబ్బు కొన్నా చెప్పులు కొన్నా జీఎస్టీ కడతారు. ఖజానాలో వాళ్ల సొమ్మూ ఉంది, ఎకరాల లెక్కలో మాత్రం వాళ్లు లేరు. భూమి లేని కూలీలకు ఏడాదికి 12 వేలిచ్చే ఆత్మీయ భరోసా ఉంది గానీ దానికి ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. మా దిక్కు ఏడాదిలో ఎక్కువ రోజులు పత్తి చేన్లలోనే గడిపేవాళ్లకు ఆ 20 రోజులు నిండడం కష్టం.

పెద్ద ప్రాజెక్టులు రానీ, చెరువులెందుకు అనేవాళ్లున్నారు. శ్రీశైలం నుంచి కరెంటు ఖర్చు లేకుండా నీళ్లు తెచ్చే ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం 43.93 కిలోమీటర్లు. దాని కోసం నల్లగొండ రెండు దశాబ్దాలుగా ఎదురుచూస్తోంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఎక్కడెక్కడి నుంచో మన నీళ్ల కోసం వచ్చినవాళ్లు. డిండి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన చేశారు, మా దాకా నీళ్లు రాలేదు. అవి పూర్తి కావాలి, వద్దనను. కానీ రేపు ఆ నీళ్లొచ్చినా ఆగేది ఈ చెరువుల్లోనే కదా, వాటి పాటు కాలువలు పూడిపోయి ఉంటే ఎట్లా?

కాబట్టి నా లెక్క ఇది. భరోసా తీసేయొద్దు, ఐదెకరాల దగ్గర ఆపాలి, కౌలుదారుకు అతని పేరుతోనే ఇవ్వాలి. 2025 వానకాలం ఒక్క పంటకే తొమ్మిది రోజుల్లో దాదాపు 9 వేల కోట్లు పంచారు. ఐదెకరాల పైన మిగిలేదాన్ని పాటు కాలువలకూ తూములకూ పెట్టాలి, బిల్లు చెల్లించేముందు గ్రామసభలో చదివి వినిపించాలి. నీకున్నది నాలుగెకరాలే, అందుకే తేలిగ్గా చెబుతున్నావని మా బావ అన్నాడు. న్యాయమైన మాటే. మా కాలువ పని జరుగుతుందంటే నా నాలుగెకరాల్లో రెండెకరాల భరోసా పైసలు సర్కారు ఒక ఏడాది కోసుకున్నా నాకు సమ్మతమే. 24 వేలు. ఆ పైపు దించడానికి జేసీబీ ఎన్ని గంటలు నడవాలో కనుక్కుని, కాలువ ఎండి ఉండే ఏప్రిల్‌లోనే చేయాలని గ్రామసభకు కాగితం రాసిచ్చాను. కింద మొదటి వేలిముద్ర నీరటి తాతది, రెండో సంతకం కౌలు తమ్ముడిది.