మాక్లిన్ సంఘపు మినిట్స్ పుస్తకం: స్కాట్లండ్స్ పీపుల్ వెబ్‌సైటులో ఒక పల్లె చర్చి చరిత్ర

నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లండ్ అనే ప్రభుత్వ సంస్థ నడిపే స్కాట్లండ్స్ పీపుల్ వెబ్‌సైటును చాలామంది తమ పూర్వీకుల పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాల వివరాలు వెతకడానికి వాడుకుంటారు. నేను మాత్రం మూడు నెలలుగా దానిని ఒకే పనికి వాడుతున్నాను. ఒక పల్లెటూరి ప్రెస్బిటీరియన్ సంఘం తన సంగతులను తానే రాసి పెట్టుకున్న పుస్తకాలను పుట తరువాత పుట చదువుతున్నాను. 2021 మార్చిలో ఆ సంస్థ 1559 నుండి 1900 వరకు ఉన్న చర్చి పెద్దల సభల రికార్డులను, పది లక్షలకు పైగా చేతిరాత పుటలను, ఎవరైనా ఇంట్లో కూర్చొని చదువుకొనేటట్లు అందుబాటులోకి తెచ్చింది. ఈ సమీక్ష ఆ సేవ గురించే.

ప్రెస్బిటెరోస్ అనే గ్రీకు మాటకు మన తెలుగు బైబిలులో ఉన్న మాట 'పెద్ద'. బిషప్పులు లేకుండా, పాస్టరు, సంఘ పెద్దలు కలిసి కూర్చొని సంఘాన్ని నడిపే పద్ధతి కనుకనే దానికి ప్రెస్బిటీరియన్ అని పేరు వచ్చింది. స్కాట్లండ్ పల్లెల్లో ఆ సభను కిర్క్ సెషన్ అంటారు. దానికి పాస్టరు అధ్యక్షుడు, ఒక గుమాస్తా లేఖకుడు. ఆ సభ ఆరాధన విషయాలతో పాటు పేదలకు సాయం, నడవడి మీద విచారణ, కొన్ని చోట్ల బడి నిర్వహణ కూడా చూసుకొనేది. అందువల్ల సభలో జరిగినది రాసిపెట్టే ఆ మినిట్స్ పుస్తకాలలో దేవుని సంగతులతో సమానంగా ఊరి సంగతులు ఉంటాయి. రాజుల చరిత్రలో ఎక్కడా కనబడని కూలివాళ్లు, పనిమనుషులు, విధవలు ఇక్కడ పేరుతో సహా కనబడతారు. నా దృష్టిలో ఈ సేవకు ఉన్న అసలు విలువ ఇదే.

ఈమెయిలుతో ఖాతా తెరిచినవారు ఈ పుటలను డబ్బు కట్టకుండా ఎంతసేపైనా చదువుకోవచ్చు. బొమ్మను తమ కంప్యూటరులోకి దింపుకోవాలంటే మాత్రం క్రెడిట్లు కొనాలి. పేరు కొట్టి వెతికే సూచిక ఈ విభాగానికి లేదు. ఊరి పేరుతో సంఘాన్ని వెతికి, కావలసిన సంపుటం తెరిచి, నిజమైన పుస్తకాన్ని తిప్పినట్లే పుటలు తిప్పుకుంటూ వెళ్లాలి. తొందరపడేవారికి ఇది పెద్ద లోటుగా కనిపించవచ్చు గాని, నాకు ఇదే మేలు చేసిందని నమ్ముతున్నాను. ఒక పేరు కోసం దూకుతూ పోతే ఆ పేరే దొరుకుతుంది. పుటలు వరుసగా చదివితేనే ఊరు తెలుస్తుంది.

నేను ఎంచుకున్న ఊరు ఎయిర్‌షైర్‌లోని మాక్లిన్. స్కాట్లండ్ మహాకవి రాబర్ట్ బర్న్స్ ఆ పక్కనే మోస్‌గీల్ అనే పొలంలో వ్యవసాయం చేశాడు. మాక్లిన్‌లో 1742 నుండి 1791 వరకు విలియం ఆల్డ్ పాస్టరుగా ఉన్నాడు. 1788 ఆగస్టు 5 నాటి మినిట్స్‌లో రాబర్ట్ బర్న్స్, అతని భార్యగా చెప్పబడుతున్న జీన్ ఆర్మర్ హాజరయ్యారని ఉంది. తమ వివాహం నియమప్రకారం జరగలేదని ఇద్దరూ ఒప్పుకొని, అందుకు విచారం తెలిపి, సంఘం దానిని ధ్రువపరచాలని కోరారు. చర్చిలో ప్రకటన, పాస్టరు ప్రార్థన లేకపోయినా, స్త్రీ పురుషులు పరస్పర సమ్మతితో భార్యాభర్తలమని ఒప్పుకుంటే నాటి స్కాట్లండ్ చట్టం దానిని పెళ్లిగానే గుర్తించేది. మన గాంధర్వ వివాహం లాంటిదన్నమాట. సంఘం మాత్రం అది క్రమం తప్పిన పెళ్లి అని ఇద్దరినీ మందలించి, జీవితాంతం ఒకరికొకరు నమ్మకంగా ఉంటామని మాట తీసుకొంది. పేదల నిధికి జరిమానా వసూలు చేసే హక్కు తమకు ఉన్నా, ఎంత ఇవ్వాలో బర్న్స్ ఔదార్యానికే వదిలేశారు. ఆయన ఒక గినీ, అంటే ఇరవై ఒక్క షిల్లింగులు ఇచ్చాడు. కింద ఆల్డ్ సంతకం, ఆ తరువాత బర్న్స్ పేరు, జీన్ పేరు. కవిని పొగడుతూ ఎందరో రాసినవి చదివాను గాని, ఆయన ఊరివాళ్ల ఎదుట నిలబడి తల వంచిన రోజును ఆ ఊరి లేఖకుడు రాసిన నాలుగు పంక్తులు నన్ను కదిలించినంతగా అవేవీ కదిలించలేదు.

అయితే ప్రసిద్ధుల పేర్లున్న పుటల దగ్గరే ఆగిపోతే ఈ పుస్తకాలకు అన్యాయం చేసినట్లే. 1845లో పేదల చట్టం వచ్చేదాకా పల్లెల్లో నిరాధారులను ఆదుకొనే బాధ్యత ప్రధానంగా ఈ సభ మీదే ఉండేది గనుక, ఆదివారం కానుకల పెట్టెలో పడినదెంత, ఏ ముసలమ్మకు ఎంత ఇచ్చారు, ఎవరికి చెప్పులు కొనిపెట్టారు అనే లెక్కలు ఉంటాయి. శవపేటిక మీద కప్పే నల్లని వస్త్రాన్ని సంఘం అద్దెకు ఇచ్చి, ఆ డబ్బును పేదల నిధిలో వేసేది. సమాధుల రిజిస్టర్లు లేని ఊళ్లలో ఈ వస్త్రపు అద్దె లెక్కే ఫలానా మనిషి ఫలానా నెలలో పోయాడని చెప్పే ఏకైక సాక్ష్యం కావచ్చు. ఒక ఊరు విడిచి మరో ఊరికి వచ్చినవారు పాత సంఘం నుండి మంచి నడవడి పత్రం తేవాలి కాబట్టి, పనికోసం తిరిగిన పేదల దారులు కూడా అక్కడక్కడ కనబడతాయి.

ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకు ముందరి బాప్తిస్మాలు, పెళ్లి ప్రకటనల కోసం పాత పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టర్లే దిక్కు. వాటిలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరోల్ గ్రామానిది, 1553 నాటిది. అవి ఇదే వెబ్‌సైటులో వేరే విభాగంలో ఉన్నాయి. వాటికి పేర్ల సూచిక ఉంది, పుట చూడడానికి రుసుము కూడా ఉంది. స్కాట్లండ్ రికార్డులలో తల్లిని తరచుగా పుట్టింటి ఇంటిపేరుతోనే రాస్తారు కనుక, ఇంటిపేర్లకు అలవాటు పడిన మనకు కుటుంబాలను కలుపుకోవడం సులువుగా ఉంటుంది. 1783 నుండి 1794 వరకు ఒక్కొక్క నమోదుకు మూడు పెన్నీల పన్ను ఉండేది గనుక, ఆ కాలంలో చాలామంది పేదలు పేర్లు రాయించుకోలేదు. ఆ సంవత్సరాలలో పేరు దొరకలేదని మనిషే లేడనుకోకూడదు.

మరొక సంగతి ముందే తెలిసి ఉంటే నాకు వారం రోజులు కలిసివచ్చేవి. 1843 మే 18న ఎడిన్‌బరోలో జరిగిన స్కాట్లండ్ చర్చి మహాసభ నుండి పాస్టర్లు లేచి వెళ్లిపోయి ఫ్రీ చర్చిని స్థాపించారు. మొత్తం మీద నాలుగు వందల యాభై మందికి పైగా పాత సంఘాన్ని విడిచారు. పాస్టరును నియమించే హక్కు భూస్వామిదా, సంఘానిదా అన్నదే ఆ గొడవకు మూలం. ఆ తరువాత ఎన్నో పల్లెల్లో రెండు చర్చిలు, రెండు మినిట్స్ పుస్తకాలు వచ్చాయి. ఒకటే చదివితే సగం ఊరే తెలుస్తుంది. ఆ చీలిక మద్రాసు దాకా వచ్చింది. 1837లో అక్కడ బడి పెట్టిన జాన్ ఆండర్సన్ తన తోటి మిషనరీలతో పాటు ఫ్రీ చర్చిలో చేరాడు. ఆ బడే తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివింది అక్కడే.

చేతిరాత విషయంలో కొంత ఓపిక కావాలి. పదిహేడవ శతాబ్దపు రాతలో అక్షరాల రూపమే వేరు. దానిని నేర్పే పాఠాలు ఇదే సంస్థ ఉచితంగా ఇస్తోంది. పద్దెనిమిదవ శతాబ్దపు చివరి పుటలతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లడం మంచిది. 'హాజరయ్యాడు' అనడానికి వాళ్లు వాడే 'కంపియర్డ్' అనే మాటను గుర్తుపట్టడం వస్తే ప్రతి విచారణ ఎక్కడ మొదలవుతుందో కన్ను తానే పట్టుకుంటుంది. చూసిన ప్రతి పుట సంఖ్యనూ పక్కనే రాసుకోండి, లేకపోతే మళ్లీ దానిని చేరుకోవడం కష్టం.

మా అమ్మ పుట్టిన ఊరి చర్చిలో బాప్తిస్మపు రిజిస్టరు ఒకటి ఉంది. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగాటి పుస్తకం; మొదటి పుటలను చెదలు తిన్నాయి. మా తాతగారి పేరులో చివరి రెండక్షరాలూ, పక్కన సంఘ పెద్ద వేలిముద్రా మిగిలాయి. మాక్లిన్ పుటలు చదివిన తరువాత నేను పండుగకు ఊరు వెళ్లి, పాస్టరుగారి అనుమతితో ఆ రిజిస్టరును కిటికీ దగ్గర పెట్టి, ఫోనుతో ప్రతి పుటనూ ఫొటో తీశాను. ఎనభై ఏడు పుటలు వచ్చాయి. ఒక ప్రతి పాస్టరుగారికి, ఒక ప్రతి సంఘ కార్యదర్శికి ఇచ్చాను. పెళ్లిళ్ల పుస్తకం బీరువా అడుగున ఉంది. దాని పని వచ్చే సెలవుల్లో.