దక్షిణ ధ్రువానికి స్కీల మీద: పూర్తి దారా, చివరి డిగ్రీయా?

అంటార్కిటికా అంచున హెర్క్యులిస్ ఇన్లెట్ నుంచి ధ్రువం దాకా సుమారు 1,130 కిలోమీటర్లు. దాదాపు నెలన్నర, రెండు నెలల నడక. అదే 89 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర విమానం దిగితే మిగిలేది ఒక్క డిగ్రీ, అంటే 111 కిలోమీటర్లే, వారం పది రోజుల్లో అయిపోతుంది. చివరి డిగ్రీ అంటే ఇదే. రెండింటికీ సాధారణంగా చిలీలోని పుంతా అరీనాస్ నుంచే బయల్దేరాలి, రెండింటికీ జేబు గట్టిగానే ఉండాలి.

చిన్నదారి అంటే తేలిక అనుకోవద్దు. పూర్తి దారిలో ఎత్తు మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఒళ్ళు అలవాటు పడుతుంది. చివరి డిగ్రీ వాళ్ళు విమానం దిగేదే 2,800 మీటర్ల దరిదాపుల్లో, అక్కడి పల్చటి గాలిలో. మొదటి రెండు రోజులు తలనొప్పి, ఆయాసం మామూలే.

పూర్తి దారిలో అసలు బరువు స్లెడ్జిది, అంటే సామాను వేసుకుని మంచు మీద లాగే బండిది. 2022 జనవరి 3న ఒంటరిగా ధ్రువం చేరిన బ్రిటిష్ సైనికాధికారి ప్రీత్ చాందీ లాగింది దాదాపు 90 కిలోలు, అదీ 40 రోజులు. నడుముకి టైర్లు కట్టుకుని లాగడం ఆమె సాధనలో భాగం. చూసేవాళ్ళు నవ్వుతారేమో గానీ, గాలి కోసిన గట్టి మంచు గుట్టల మీద పనికొచ్చేది ఆ సాధనే.

చెమట విషయంలో మాత్రం తేడా లేదు. పట్టిందా, ఆగగానే గడ్డకడుతుంది.

మంచులో ఒక్క రాత్రీ గడపనివాళ్ళయితే నా ఓటు చివరి డిగ్రీకే, అదీ ముందు నార్వేలో వారం శిక్షణ తీసుకున్నాకే.