నాలుగు గ్యాసుల డిటెక్టర్: పంపు ఉన్నదే తీసుకోండి, బంప్ టెస్ట్ సిలిండర్‌తో కలిపి

ట్యాంకులోకో మ్యాన్‌హోల్‌లోకో మనిషిని దించే పని ఉన్న ప్రతిచోటా ఈ పరికరం ఉండి తీరాలి. ఆక్సిజన్, మండే గ్యాసులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ నాలుగింటినీ ఒకే తెర మీద చూపిస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. అంటే ప్రమాదం ముదిరే కొద్దీ మనిషికి హెచ్చరిక తగ్గిపోతుంది. ఆ లోటును 10 పీపీఎం దగ్గరే మోగే అలారం తీరుస్తుంది. శబ్దం, వెలుగు, వణుకు మూడూ ఉండటంతో మోటార్ల హోరులో కూడా తెలుస్తుంది. ఇంతవరకు మెచ్చుకోవాల్సిందే.

అసలు లోపం సెన్సార్ పాడయ్యే తీరులో ఉంది. బొగ్గు గనుల్లో చావుల మీద పరిశోధించిన జాన్ స్కాట్ హాల్డేన్, 1890లలో కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టడానికి చిన్న జీవులను వెంట తీసుకెళ్లమని సూచించారు. బ్రిటన్ గనుల్లో కానరీ పిట్టలు 1986 దాకా పనిచేశాయి. పిట్ట పడిపోతే చూసినవాడికి తెలుస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సార్ చచ్చిపోతే మాత్రం తెర మీద సున్నా కనిపిస్తుంది, శుభ్రమైన గాలిలో కనిపించే సున్నాయే. ఆక్సిజన్ సెన్సార్ కాస్త నయం. అరిగిపోతే సాధారణంగా రీడింగ్ పడిపోయి దానంతట అదే అలారం కొడుతుంది. మిగతా మూడింటికీ ఆ గుణం లేదు.

అందుకే వాడే ప్రతిరోజూ బంప్ టెస్ట్ చేయాలి, అంటే పాళ్లు తెలిసిన గ్యాసును సెన్సార్ల మీదికి కాసేపు వదిలి అవి స్పందిస్తున్నాయో లేదో చూడాలి. సిలిండర్‌లో సాధారణంగా 50% ఎల్‌ఈఎల్ మీథేన్ (అంటుకోవడానికి గాలిలో ఉండాల్సిన కనీస పాళ్లలో సగం), 18% ఆక్సిజన్, 100 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్, 25 పీపీఎం హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి, మిగతాది నైట్రోజన్. గాలిని లాగే పంపు లేని మోడల్‌కు నిమిషానికి అర లీటరు వదిలే రెగ్యులేటర్ బిగించి, మూత తగిలించి, గ్యాస్ వదలండి. పంపు ఉన్నదానికైతే అది పీల్చినంతే ఇచ్చే డిమాండ్ రెగ్యులేటర్ కావాలి. నాలుగు అంకెలూ కదలాలి, ఆక్సిజన్ 20.9 నుంచి 18కి దిగాలి, అలారాలన్నీ రావాలి. ఒక్కటి కదలకపోయినా క్యాలిబ్రేషన్ (పాళ్లు తెలిసిన గ్యాసుకు రీడింగ్‌ను సరిచేయడం) చేయాలి, అప్పటికీ లేవకపోతే సెన్సార్ మార్చాలి. సిలిండర్ మీద గడువు తేదీ చూడటం మరవొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ పాళ్లు కాలక్రమేణా తగ్గిపోతాయి.

మండే గ్యాసుల సెన్సార్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఎక్కువ మోడళ్లలో ఉండే క్యాటలిటిక్ పూస గ్యాసును కాల్చి కొలుస్తుంది, కాల్చడానికి ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్‌తో నింపిన ట్యాంకులో ఆవిరి నిండుగా ఉన్నా అది తక్కువ చూపిస్తుంది, ఒక్కోసారి సున్నా చూపిస్తుంది. సిలికాన్ స్ప్రే, సిలికాన్ సీలెంట్ ఆవిర్లు తగిలితే పూస పాడై మొద్దుబారిపోతుంది. మీథేన్‌తో క్యాలిబ్రేట్ చేసినది పెట్రోల్, సాల్వెంట్ ఆవిర్లను ఉన్నదానికన్నా తక్కువగా చెబుతుంది. ఇన్‌ఫ్రారెడ్ రకానికి ఈ ఆక్సిజన్, సిలికాన్ బాధలు లేవు, కానీ హైడ్రోజన్ దానికి కనిపించదు. హైడ్రోజన్ వెలువడే బ్యాటరీ ఛార్జింగ్ గదులకు దాన్ని కొనకండి.

పంపు లేని మోడల్ చవకే, తేలికే. కానీ మనిషి దిగాకే అది గాలిని చూస్తుంది, దిగకముందే చూడాల్సిన పనికి అది చాలదు. పంపు ఉన్నదాంట్లో గొట్టం దించి పైన, మధ్యలో, అడుగున విడివిడిగా కొలవొచ్చు. మీథేన్ పైకి తేలుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ అడుగున చేరుతుంది. గొట్టం పొడవును బట్టి గాలి చేరడానికి పట్టే సమయం, ఆపైన సెన్సార్ స్థిరపడే అర నిమిషం పైచిలుకు ఆగాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. మామూలు రబ్బరు గొట్టం హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పీల్చేసుకుంటుంది, తయారీదారు ఇచ్చిన గొట్టమే వాడండి. దించే ముందు గొట్టం కొసను వేలితో మూయండి. పంపు అలారం రాకపోతే ఎక్కడో లీకు ఉంది, బయటి గాలినే కొలుస్తోంది.

ఫ్రెష్ ఎయిర్ జీరో బటన్ మ్యాన్‌హోల్ పక్కన నొక్కొద్దు, గ్యాస్ ఉన్న గాలినే సున్నాగా పట్టుకుంటుంది. ఆర్డర్ పెట్టేటప్పుడు పరికరంతో పాటు సిలిండర్, రెగ్యులేటర్, నీళ్లు లాగకుండా ఆపే ఫిల్టర్లు రెండు మూడు అదనంగా రాయండి. తడి సంప్‌లో మొదట చెడేది ఆ ఫిల్టరే.