చిన్న స్క్రిప్టును కమాండుగా మార్చే పిప్‌ఎక్స్

తెలుగు వ్యాసాలలోని పదాలను లెక్కపెట్టడానికి రాసుకున్న 60 వరుసల పైథాన్ స్క్రిప్టు ఒకటి నా దగ్గర చాలాకాలంగా ఉంది. నడపవలసి వచ్చిన ప్రతిసారీ అది ఏ ఫోల్డరులో ఉందో వెతుక్కోవలసి వచ్చేది. ఎక్కడ ఉన్నా ‘పదలెక్క’ అని టైపు చేస్తే పనిచేసేలా దానిని మార్చుకోవాలని, పైథాన్‌లో రాసిన టూల్స్‌ను కమాండులుగా ఇన్‌స్టాల్ చేసే పిప్‌ఎక్స్‌ను ఆశ్రయించాను.

పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే మామూలు పిప్ సరిపోదా అంటే, 2023లో వచ్చిన లినక్స్ వెర్షన్లు ఉబుంటు 23.04, డెబియన్ 12 మొదలుకొని సిస్టమ్ పైథాన్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు వచ్చే పైథాన్‌లోకి) పిప్ నేరుగా ఇన్‌స్టాల్ చేయడానికి ఒప్పుకోదు. ఆపరేటింగ్ సిస్టమ్ తన అవసరాలకు వాడుకునే ప్యాకేజీలు చెడిపోకుండా పెట్టిన అడ్డు అది. పిప్‌ఎక్స్ ఒక్కొక్క టూలుకు విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంటును (ఆ టూలు లైబ్రరీలు మాత్రమే ఉండే ప్రత్యేక ఫోల్డరును) తయారుచేసి, అందులోని కమాండును మాత్రమే బయటికి కనిపించేలా చేస్తుంది కనుక, రెండు టూల్స్ ఒకే లైబ్రరీ వేర్వేరు వెర్షన్లను కోరినా పేచీ రాదు. ఇంత చిన్న స్క్రిప్టుకు ప్రత్యేకంగా ఒక ఇల్లు కట్టాలా అని మొదట నాకూ అనిపించింది.

మనం చేయవలసిందల్లా పైప్రాజెక్ట్ డాట్ టామల్ అనే ఫైలు రాయడం. పేరు, వెర్షన్, బిల్డ్ బ్యాకెండ్ (కోడును ఇన్‌స్టాల్ చేయగల ప్యాకేజీగా కట్టే సాధనం; నేను హాచ్‌లింగ్ వాడాను) ఇచ్చిన తరువాత, ప్రాజెక్ట్ డాట్ స్క్రిప్ట్స్ విభాగంలో కమాండు పేరుకు ఎదురుగా మాడ్యూలు పేరు, కోలన్, ఫంక్షను పేరు రాయాలి.

నేను బోల్తా పడింది ఈ ఫంక్షను దగ్గరే. ఇన్‌స్టాల్ చేసినప్పుడు తయారయ్యే చిన్న లాంచరు మన ఫంక్షనును పిలిచి, అది తిరిగి ఇచ్చిన విలువను, ప్రోగ్రామును ముగించే సిస్ డాట్ ఎగ్జిట్‌కు అందిస్తుంది. నా ఫంక్షను పదాల సంఖ్యను తెర మీద చూపి, అదే సంఖ్యను తిరిగి ఇచ్చేది. అందువల్ల 300 పదాల వ్యాసానికి లెక్క సరిగ్గానే కనిపించినా, 256తో భాగించగా మిగిలిన 44 ఎగ్జిట్ కోడుగా (సున్నా అయితే పని సఫలమైనట్టు, మరేదైనా అయితే విఫలమైనట్టు) మనం కమాండులు టైపు చేసే షెల్‌కు చేరి, పని విఫలమైందని భావించిన షెల్ రెండు ఆంపర్‌సాండ్ల (&&) తరువాత ఉన్న కమాండును నడిపేది కాదు. సరిగ్గా 256 పదాలున్న వ్యాసమైతే ఈ లోపం బయటపడదు కూడా. తప్పు పూర్తిగా నాదే. ఫంక్షను చివర సున్నా తిరిగి ఇవ్వడంతో సరిపోయింది.

స్క్రిప్టును తరచుగా మార్చేవారు ఎడిటబుల్ ఆప్షనుతో ఇన్‌స్టాల్ చేసుకుంటే, కోడు మారిన ప్రతిసారీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. సిస్టమ్ పైథాన్ కొత్త వెర్షనుకు మారితే పాత ఎన్విరాన్‌మెంట్లు పనిచేయకుండా పోవచ్చు. రీఇన్‌స్టాల్-ఆల్ అనే కమాండు ఉన్నది అందుకే. 2024లో వచ్చిన, రస్ట్ భాషలో రాసిన యూవీ ఇదే పనిని ఇంకా వేగంగా చేస్తుంది, పైథాన్‌ను కూడా తానే తెచ్చుకోగలదు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను దానినే సూచిస్తాను. పైథాన్ ఊసే తెలియని స్నేహితుడికి ఒకే ఫైలుగా పంపాలనుకుంటే మాత్రం ఈ రెండూ కాక పైఇన్‌స్టాలర్ వంటి దానిని చూసుకోవాలి.